ఓల్డ్స్–డిడ్స్‌బరీ–త్రీ హిల్స్: అల్బెర్టాలో ఒక పల్లె నియోజకవర్గం, నూరేళ్ళ ఓటు (తరచుగా అడిగే ప్రశ్నలు)

కాల్గరీలో విమానం దిగి, ఎడ్మంటన్‌లోని బంధువుల ఇంటికి కారులో బయల్దేరే తెలుగువాళ్ళు ఈ నియోజకవర్గం మీదుగానే వెళ్తారు. రెండో నంబరు హైవే మీద డిడ్స్‌బరీ, ఓల్డ్స్ అని ఆకుపచ్చ బోర్డులు కనిపిస్తాయి. కాఫీకి ఆగినా హైవే పక్కనే తాగేసి సాగిపోతారు తప్ప ఊళ్ళోకి వెళ్ళేవాళ్ళు తక్కువ. కెనడా రాజకీయాలు గమనించేవాళ్ళకు మాత్రం ఈ పేర్లు బాగా గుర్తు. దేశం నుంచి విడిపోతామన్న పార్టీ అల్బెర్టాలో ఒక్కసారే శాసనసభ స్థానం గెలిచింది. గెలిచింది ఇక్కడే.

ఈ నియోజకవర్గం ఎక్కడుంది?

కెనడా పశ్చిమాన అల్బెర్టా రాష్ట్రంలో, కాల్గరీకి ఉత్తరంగా. కాల్గరీ నుంచి ఓల్డ్స్ దాదాపు 90 కిలోమీటర్లు, కారులో గంట ప్రయాణం. ఇంకో అరగంట పైకి పోతే రెడ్ డీర్ నగరం. త్రీ హిల్స్ మాత్రం హైవేకు తూర్పున, లోపలికి ఉంటుంది.

ఊళ్ళు చిన్నవి. 2021 జనగణన ప్రకారం ఓల్డ్స్‌లో 9 వేల పైచిలుకు, డిడ్స్‌బరీలో 5 వేలు, త్రీ హిల్స్‌లో 3 వేల మంది. మిగతాదంతా పొలాలే. బార్లీ, గోధుమ, కనోలా వేస్తారు, గొడ్లను పెంచుతారు. జూలైలో వెళ్తే కనోలా పూసి ఉంటుంది. మన ఆవచేను పూసినట్టే ఉంటుంది కానీ, గట్లు కనిపించవు. కంటికి ఆనినంత మేరా పసుపే. ఆ పసుపు మధ్యలో అక్కడక్కడా నల్లటి ఇనుప యంత్రం ఒకటి తల పైకెత్తుతూ దించుతూ ఉంటుంది. అది చమురు తోడే పంపు. భూమి పైన పంట, కింద చమురు, గ్యాసు: ఇక్కడి ఓటు అర్థం కావాలంటే ఈ రెండూ ఒకే పొలంలో ఉంటాయని గుర్తుంచుకోవాలి.

దీన్ని రైడింగ్ అంటారెందుకు? గుర్రపు స్వారీతో ఏమైనా సంబంధమా?

ఏమీ లేదు. మూడో వంతు అనే అర్థమున్న పాత స్కాండినేవియన్ మాట నుంచి వచ్చింది. ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్‌ను మూడు భాగాలు చేసి ఒక్కోదాన్ని రైడింగ్ అన్నారు. ఆ మాటే కెనడాకు వచ్చి నియోజకవర్గానికి వాడుక పేరు అయింది. గుర్రంతో సంబంధం లేదన్నాను కానీ, ఈ స్థానం నుంచి ఒక రోడియో (ఎగిరిపడే పశువుల మీద స్వారీ చేసే పందెం) రౌతు గెలిచిన మాట నిజం. ఆ కథ ముందుంది.

అల్బెర్టా రాష్ట్రానికి ఒకే సభ, అందులో 2023 ఎన్నికల నాటికి 87 స్థానాలు. మండలి లాంటిది లేదు. ముఖ్యమంత్రిని ప్రీమియర్ అంటారు. ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వారే విజేత, మన పద్ధతే. తేడా జనాభాలో ఉంది. 2021 జనగణన ప్రకారం అక్కడ సగటున ఒక నియోజకవర్గానికి దాదాపు 49 వేల మంది. ఆంధ్రప్రదేశ్‌లో 2011 లెక్కల ప్రకారమే ఒక్కో శాసనసభ స్థానానికి 2 లక్షల 80 వేల మంది.

పేరు ఇంత పొడుగు ఎందుకు?

పల్లెల్లో జనం తగ్గి నగరాల్లో పెరుగుతున్న కొద్దీ పక్కపక్క స్థానాలను కలుపుతూ పోయారు. కలిపిన ప్రతిసారీ పాత ఊరి పేరు తీసేస్తే గొడవ కాబట్టి అలాగే ఉంచారు. మొదట్లో ఓల్డ్స్ ఒక స్థానం, డిడ్స్‌బరీ ఒక స్థానం. 1963లో రెండూ కలిసి ఓల్డ్స్–డిడ్స్‌బరీ అయ్యాయి. 1997 ఎన్నికల నాటికి త్రీ హిల్స్ కూడా చేరింది. పేరులో ఎన్ని గీతలుంటే పల్లె అన్నిసార్లు చిక్కిపోయిందని లెక్క.

అక్కడ స్థిరపడినవాళ్ళు ఎవరు?

కాల్గరీ నుంచి ఎడ్మంటన్‌కు 1890–91లో రైలుమార్గం పడ్డాక, దాని వెంట ఊళ్ళు వెలిశాయి. డిడ్స్‌బరీకి 1894లో ఒంటారియో రాష్ట్రం నుంచి మెన్నొనైట్ క్రైస్తవ కుటుంబాలు వచ్చాయి. అమెరికా నుంచి, బ్రిటన్ నుంచి రైతులు వచ్చారు. త్రీ హిల్స్‌లో 1922లో మొదలైన ప్రేరీ బైబిల్ విద్యాలయం ఆ చిన్న ఊరికి దేశమంతటా పేరు తెచ్చింది. ఓల్డ్స్‌లో 1913 నుంచి వ్యవసాయ పాఠశాల ఉంది. అదే నేటి ఓల్డ్స్ కళాశాల.

చర్చి, చేను, చమురు అని ముగించేస్తే సగమే చెప్పినట్టు. కెనడాలో ఊరి జనమే సొంతంగా గిగాబిట్ ఇంటర్నెట్ పెట్టుకున్న మొదటి పట్టణం ఓల్డ్స్. అది 2013 నాటి మాట. పెద్ద కంపెనీలు పల్లెకు తీగ వేయడానికి ఆసక్తి చూపకపోతే వీళ్ళే వేసుకున్నారు. ఇక్కడి రాజకీయాలకూ ఆ స్వభావానికీ దగ్గరి సంబంధం ఉందని నాకు అనిపిస్తుంది.

ఇది ఎప్పుడూ ఒకే పార్టీకి కంచుకోటేనా?

బయటివాళ్ళు అలాగే అనుకుంటారు. నిజానికి ఈ ప్రాంతం గెలిపించిన పార్టీలను వరసపెట్టి చూడండి: లిబరల్, ఐక్య రైతులు, సోషల్ క్రెడిట్, వేర్పాటువాద పార్టీ, ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్, వైల్డ్‌రోజ్, యునైటెడ్ కన్సర్వేటివ్. ఏడు పార్టీలు. కంచుకోటే, కాకపోతే మీద ఎగిరే జెండా మారుతూ ఉంటుంది.

మారనిది ఒకటుంది. ఇక్కడి ఓటరు కుడి నుంచి ఎడమకు పోడు. తనవాడనుకున్న పార్టీ తనను మరిచిపోయిందని తోస్తే, ఇంకా తనవాడిలా మాట్లాడే కొత్త పార్టీని వెతుక్కుంటాడు.

ఇద్దరు వ్యవసాయ మంత్రులను ఓడించారంటారు, నిజమేనా?

నిజమే. రైతుల నియోజకవర్గంలో వ్యవసాయ మంత్రి ఓడిపోవడం ఒకసారి జరిగితే విశేషం. ఓల్డ్స్‌లో రెండుసార్లు జరిగింది.

మొదటివారు లిబరల్ పార్టీకి చెందిన డంకన్ మార్షల్. 1909 నుంచి 1921 దాకా రాష్ట్ర వ్యవసాయ మంత్రి, ఓల్డ్స్ శాసనసభ్యుడు. పైన చెప్పిన వ్యవసాయ పాఠశాల ఆయన హయాంలో వచ్చిందే. నియోజకవర్గానికి ఏమీ చేయలేదని అనడానికి వీల్లేని మనిషి. అయినా 1921లో ఐక్య రైతుల సంఘం నేరుగా ఎన్నికల్లోకి దిగి 61 స్థానాల్లో 38 గెలిచినప్పుడు ఆయనా కొట్టుకుపోయారు. యుద్ధం ముగిశాక ధాన్యం ధర పడిపోయింది. రైలు కిరాయిలు, బ్యాంకు వడ్డీలు మాత్రం తగ్గలేదు. మన గోడు చెప్పడానికి మధ్యలో పార్టీ ఎందుకు, మనమే కూర్చుందామనుకున్నారు రైతులు. మార్షల్ ఆ తర్వాత ఒంటారియోకు వెళ్ళి అక్కడా వ్యవసాయ మంత్రి అయ్యారు, అది వేరే కథ.

రెండోవారు ఆ రైతుల పార్టీ మనిషే: ఫ్రాంక్ గ్రిస్‌డేల్. 1930లో ఓల్డ్స్ నుంచి గెలిచి, తర్వాత వ్యవసాయ మంత్రి అయ్యారు. అప్పటికి ఆర్థిక మాంద్యం ముదిరింది. గోధుమ బుషెల్ (సుమారు 27 కిలోలు) ధర 1932 చివరికి 40 సెంట్ల కిందికి జారింది. 1935 ఆగస్టు 22న జరిగిన ఎన్నికల్లో రైతుల పార్టీకి ఒక్కటంటే ఒక్క స్థానం కూడా రాలేదు. పద్నాలుగేళ్ళు రాష్ట్రాన్ని ఏలిన పార్టీ సున్నా. ఓల్డ్స్, డిడ్స్‌బరీ రెండూ సోషల్ క్రెడిట్‌కు వెళ్ళాయి.

సోషల్ క్రెడిట్ అంటే ఏమిటి? అంత గాలి ఎలా వీచింది?

విలియం అబెర్‌హార్ట్ అనే బడి ప్రధానోపాధ్యాయుడు కాల్గరీలో బైబిల్ బోధిస్తూ, 1925 నుంచి రేడియోలో ప్రసంగించేవారు. ఆదివారం మధ్యాహ్నం పల్లెల్లో కుటుంబం అంతా రేడియో చుట్టూ చేరేది. మాంద్యం వచ్చాక ఆయన బైబిల్‌తో పాటు అర్థశాస్త్రం కూడా చెప్పడం మొదలుపెట్టారు. సరుకు ఉంది, కొనే చేతిలో డబ్బు లేదు. కాబట్టి ప్రభుత్వమే వయోజనులకు నెలకు 25 డాలర్లు ఇవ్వాలన్నది సారాంశం. 63 స్థానాల్లో 56 ఆ పార్టీవే అయ్యాయి.

25 డాలర్లు ఎవరికీ అందలేదు. డబ్బు, బ్యాంకులు కేంద్ర ప్రభుత్వం చేతిలోని విషయాలు కావడంతో ఆ చట్టాలు నిలబడలేదు. అయినా పార్టీ 1971 దాకా, అంటే 36 ఏళ్ళు, అధికారంలో ఉంది. అబెర్‌హార్ట్ 1943లో చనిపోయాక ఆయన శిష్యుడు ఎర్నెస్ట్ మానింగ్ 1968 దాకా ప్రీమియర్‌గా ఉన్నారు. 1947లో ఎడ్మంటన్ దగ్గర లెడ్యూక్‌లో చమురు పడటంతో పాత వాగ్దానాన్ని ఎవరూ తవ్వలేదు, అందరూ బావులే తవ్వారు.

గెలిచినవాడిని వెనక్కి పిలిచే హక్కు అల్బెర్టాలో ఉందంటారు, ఇక్కడ వాడారా?

ఈ స్థానంలో కాదు, కాల్గరీకి దక్షిణాన ఉన్న ఒకోటోక్స్–హై రివర్‌లో వాడబోయారు. శాసనసభ్యుణ్ణి వెనక్కి పిలిచే చట్టం 1936లో చేసింది అబెర్‌హార్టే. కొద్దికాలానికే ఆయన సొంత నియోజకవర్గంలోనే సంతకాలు మొదలయ్యాయి. 1937లో ప్రభుత్వం ఆ చట్టాన్ని వెనకటి తేదీ నుంచి వర్తించేలా రద్దు చేసుకుంది. మళ్ళీ అలాంటి చట్టం అల్బెర్టాలో అమల్లోకి రావడానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది.

పల్లెల్లో ప్రాధాన్య ఓటు ఉండేదన్నది నిజమేనా?

అవును, చాలామందికి తెలియని ముక్క ఇది. 1926 ఎన్నికల నుంచి 1955 ఎన్నికల దాకా అల్బెర్టా పల్లె ఓటరు అభ్యర్థుల పేర్ల ఎదుట 1, 2, 3 అని అంకెలు వేసేవాడు. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో వేసినట్టే. ఎవరికీ సగం దాటకపోతే ఆఖరున ఉన్నవారిని తప్పించి, వారి ఓట్లలో రెండో ప్రాధాన్యం ఎవరికుంటే వారికి కలిపేవారు. కాల్గరీ, ఎడ్మంటన్‌లలో ఒకే స్థానం నుంచి పలువురిని ఎన్నుకునే పద్ధతి ఉండేది.

1955లో ప్రతిపక్షాలు పుంజుకున్నాయి. మరుసటి ఏడాదే మానింగ్ ప్రభుత్వం ఈ పద్ధతిని తీసేసింది. చెల్లని ఓట్లు ఎక్కువగా పడుతున్నాయన్నది చెప్పిన కారణం. మన దగ్గర డిగ్రీ చదివినవాళ్ళ ఓట్లే వేలల్లో చెల్లకుండా పోతున్నాయి కాబట్టి ఆ కారణం పూర్తిగా అబద్ధమని అనలేం. రెండో ప్రాధాన్య ఓట్లు ప్రతిపక్షాలను ఒకరికొకరిని దగ్గర చేస్తున్నాయన్న భయమే అసలు కారణమని విమర్శకులు అన్నారు. ముహూర్తం చూస్తే నాకు విమర్శకుల మాటే నమ్మబుద్ధేస్తుంది.

రాబర్ట్ క్లార్క్ ఎవరు?

ఈ ప్రాంత రాజకీయాల్లో అందరికంటే నిలకడైన మనిషి. 1960 ఉపఎన్నికలో డిడ్స్‌బరీ నుంచి సోషల్ క్రెడిట్ తరఫున గెలిచేనాటికి ఆయన వయసు 23. తర్వాత మంత్రి అయ్యారు, విద్యాశాఖ చూశారు. 1971లో పీటర్ లాహీడ్ నాయకత్వంలో ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్‌లు 75లో 49 స్థానాలు గెలిచి సోషల్ క్రెడిట్‌ను దించేసినా, ఓల్డ్స్–డిడ్స్‌బరీ క్లార్క్‌ను వదల్లేదు. 1975లో, 1979లో పార్టీకి మిగిలింది నాలుగేసి స్థానాలు, అందులో ఇదొకటి. రాష్ట్రమంతా ఒకవైపు పోతుంటే ఈ ఊళ్ళు పార్టీని కాక మనిషిని పట్టుకుని నిలిచాయి.

1981 నవంబరు చివర్లో ఆయన రాజీనామా చేశారు. మనిషి తప్పుకోగానే పార్టీకి అక్కడ ఏమీ మిగల్లేదని మూడు నెలల్లో తేలిపోయింది.

1982 ఉపఎన్నికలో ఏం జరిగింది?

ముందు రెండేళ్ళు వెనక్కి వెళ్ళాలి. 1980 ఫిబ్రవరిలో పియర్ ట్రూడో లిబరల్ పార్టీ కేంద్రంలో మళ్ళీ గెలిచింది. ఒంటారియోకు పశ్చిమాన ఆ పార్టీకి వచ్చిన స్థానాలు రెండే, అవీ మానిటోబాలో. అంటే అల్బెర్టా నుంచి ఒక్క సభ్యుడూ లేని ప్రభుత్వం. అదే అక్టోబరు 28న ఆ ప్రభుత్వం జాతీయ ఇంధన కార్యక్రమాన్ని ప్రకటించింది. దేశంలో అమ్మే చమురు ధరను ప్రపంచ ధర కంటే తక్కువగా ఉంచడం, చమురు రాబడిలో కేంద్రానికి వాటా పెంచడం దాని సారం. తూర్పున కొనేవాళ్ళకు ఊరట, పశ్చిమాన తీసేవాళ్ళకు దెబ్బ. డ్రిల్లింగ్ రిగ్గులు లారీల మీద అమెరికా సరిహద్దు దాటాయి.

లాహీడ్ రెండు రోజులకే టీవీలో మాట్లాడి, చమురు ఉత్పత్తిని విడతలుగా తగ్గిస్తామని హెచ్చరించారు. పల్లెల్లో చప్పట్లు పడ్డాయి. 1981 సెప్టెంబరు 1న ఆయనే ట్రూడోతో ఒప్పందం కుదుర్చుకున్నారు. ఇద్దరూ షాంపేన్ గ్లాసులు పట్టుకుని నవ్వుతున్న ఫొటో పత్రికల్లో వచ్చింది. ఒప్పందంలోని అంకెలు ఎంతమంది చదివారో గానీ, ఆ గ్లాసులను మాత్రం అందరూ చూశారు. ఆ ఆగస్టులోనే కెనడా కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు 21 శాతానికి చేరింది. ట్రాక్టరు మీద, భూమి మీద అప్పున్న రైతుకు ఆ ఫొటో ఎలా కనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆ వేడిలో వచ్చింది ఉపఎన్నిక. వెస్టర్న్ కెనడా కాన్సెప్ట్ అనే పార్టీ, పశ్చిమ రాష్ట్రాలు విడిపోవాలని చెప్పేది. దాన్ని పెట్టింది డగ్ క్రిస్టీ అనే న్యాయవాది. ఇక్కడ దాని అభ్యర్థి గోర్డన్ కెస్లర్: ఒకప్పుడు రోడియోలో స్వారీ చేసినవాడు, వృత్తి చమురు కంపెనీకి స్కౌటు. ఆ పనేమిటంటే, పోటీ కంపెనీ ఎక్కడ బావి తవ్వుతోందో, రిగ్గు పక్కన పేర్చిన గొట్టాలు ఎన్ని దిగాయో, ఎంత లోతుకు పోయారో దూరం నుంచి దుర్భిణితో కనిపెట్టి తన కంపెనీకి చేరవేయడం. రిగ్గులు వెళ్ళిపోతే ముందుగా ఉపాధి పోయేది అలాంటివాళ్ళకే. ఆయన ప్రచారంలో విడిపోవడం కంటే ఇంధన విధానం, మెట్రిక్ కొలతలు, అధికార ద్విభాషా విధానం (ఇంగ్లీషుతో పాటు ఫ్రెంచి) మీద విసుగే ఎక్కువ వినిపించింది.

1982 ఫిబ్రవరి 17. కెస్లర్‌కు 42 శాతం ఓట్లు. రాష్ట్రాన్ని ఏలుతున్న పార్టీ, ఇన్నాళ్ళూ ఈ స్థానాన్ని ఏలిన పార్టీ, రెండూ ఆయన వెనకే మిగిలాయి.

అంత గెలిచినవాడు తొమ్మిది నెలలు కూడా ఎందుకు నిలవలేదు?

అదే ఏడాది నవంబరు 2న సాధారణ ఎన్నికలు వచ్చాయి. కెస్లర్ ఇక్కడ నిలబడలేదు, హైవుడ్ అనే మరో స్థానానికి మారి ఓడిపోయారు. ఓల్డ్స్–డిడ్స్‌బరీని ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ అభ్యర్థి స్టీఫెన్ స్టైల్స్ గెలుచుకున్నారు. లాహీడ్ పార్టీకి 79లో 75 స్థానాలు. వేర్పాటు పార్టీకి రాష్ట్రం మొత్తం మీద దాదాపు 12 శాతం ఓట్లు వచ్చాయి, స్థానాలు సున్నా. సోషల్ క్రెడిట్ కూడా సున్నా, ఆ తర్వాత మళ్ళీ ఎన్నడూ గెలవలేదు.

కారణాలు చాలా చెబుతారు: పార్టీలో లోపలి తగవులు, ఎన్నికల ముందు లాహీడ్ ప్రకటించిన ఇంటి అప్పుల వడ్డీ సాయం. నా లెక్క వేరు. ఉపఎన్నికలో ప్రభుత్వం మారదు. ఓటు వేసి కోపం తీర్చుకోవచ్చు, మర్నాడు ఏమీ కూలిపోదు. ఫిబ్రవరిలో ఈ ఓటరు రాష్ట్ర రాజధాని ఎడ్మంటన్‌కు, దేశ రాజధాని ఒట్టావాకు కలిపి ఒక ఉత్తరం రాశాడు. చేరాల్సినవాళ్ళకు చేరింది. నవంబరులో ప్రభుత్వాన్ని ఎన్నుకోవలసి వచ్చినప్పుడు, పాలించగలవాడికి ఓటేశాడు.

అయితే దీన్ని వేర్పాటువాదుల గడ్డ అనవచ్చా?

అనకూడదు. విడిపోవాలన్న పార్టీకి ఇక్కడ నూరేళ్ళలో దక్కింది ఒక ఉపఎన్నిక. 1987లో ఎర్నెస్ట్ మానింగ్ కుమారుడు ప్రెస్టన్ మానింగ్ రిఫార్మ్ పార్టీ పెట్టి, పశ్చిమానికి లోపల చోటు కావాలన్న నినాదం ఎత్తుకున్నప్పుడు అల్బెర్టా పల్లెలు దాని వెంట నడిచాయి. బయటికి పోతామన్న కోపం, లోపల చోటివ్వమన్న కోపం ఒకే పొయ్యి మీద కాగినవే. ఒట్టావాలో కూర్చున్నవాళ్ళకు మొదటిది మాత్రమే వినిపిస్తుంది.

2014 ఫిరాయింపు సంగతి ఏమిటి?

2012లో వైల్డ్‌రోజ్ అనే కొత్త పార్టీ 17 స్థానాలు గెలిచింది. ఇక్కడి నుంచి ఆ పార్టీ తరఫున బ్రూస్ రో గెలిచారు. 1997 నుంచి రిచర్డ్ మార్జ్ ద్వారా ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్‌ల చేతిలో ఉన్న స్థానం అలా చేయి జారింది. 2014 డిసెంబరు 17న వైల్డ్‌రోజ్ నాయకురాలు డేనియల్ స్మిత్ స్వయంగా ఎనిమిది మంది సభ్యులతో కలిసి అధికార పార్టీలోకి దూకారు. ఆ ఎనిమిది మందిలో రో ఒకరు. ప్రతిపక్ష నాయకురాలే అధికార పక్షంలో చేరడం మన కళ్ళకు కొత్తేమీ కాదు గానీ, కెనడాలో అది పెద్ద దుమారం.

ఐదు నెలల్లో ఎన్నికలు వచ్చాయి. నియోజకవర్గం మళ్ళీ వైల్డ్‌రోజ్‌నే గెలిపించింది, ఈసారి నేథన్ కూపర్ అనే యువకుణ్ణి. సభ్యుడు దూకాడు, ఓటరు దూకలేదు. డేనియల్ స్మిత్ 2022లో ప్రీమియర్ కావడం మరో విడ్డూరం.

ఎడమవైపు మొగ్గే ఎన్‌డీపీ (న్యూ డెమొక్రాటిక్ పార్టీ) ఎప్పుడైనా గెలిచిందా?

లేదు. 2015లో రేచల్ నాట్లీ నాయకత్వంలో 87లో 54 స్థానాలు గెలిచి, 44 ఏళ్ళ కన్సర్వేటివ్ పాలనకు తెర దించినప్పుడు కూడా ఇక్కడ గెలవలేదు.

2025 ఉపఎన్నిక 1982ను గుర్తు చేసిందా?

చేసింది, కానీ ఫలితం తిరగబడింది. కూపర్ 2019 నుంచి 2025 దాకా సభాపతిగా ఉన్నారు. 2023 ఎన్నికల్లో, వైల్డ్‌రోజ్, ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్‌లు కలిసి ఏర్పడిన అధికార పార్టీ యునైటెడ్ కన్సర్వేటివ్ తరఫున ఇక్కడ సుమారు 75 శాతం ఓట్లు తెచ్చుకున్నారు. 2025లో వాషింగ్టన్‌లో అల్బెర్టా ప్రతినిధిగా వెళ్ళడానికి రాజీనామా చేశారు. జూన్ 23న ఉపఎన్నిక.

సరిగ్గా అప్పుడే రాష్ట్రంలో విడిపోయే మాట మళ్ళీ గట్టిగా వినిపిస్తోంది. ఏప్రిల్ 28న కేంద్రంలో మార్క్ కార్నీ నాయకత్వంలో లిబరల్ పార్టీ వరసగా నాలుగోసారి గెలిచింది. అల్బెర్టా ప్రభుత్వం ప్రజలే ప్రజాభిప్రాయ సేకరణ కోరడానికి కావలసిన సంతకాల సంఖ్యను దాదాపు లక్షా 77 వేలకు తగ్గించింది. అల్బెర్టా స్వతంత్ర దేశం కావాలనే రిపబ్లికన్ పార్టీ నాయకుడు కామెరాన్ డేవీస్ ఏరికోరి ఇక్కడే పోటీకి దిగారు. 1982 పేరు చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు మరి.

యునైటెడ్ కన్సర్వేటివ్ అభ్యర్థి టారా సాయర్ రైతు. ధాన్యం పండించే రైతుల జాతీయ సంఘానికి అధ్యక్షురాలిగా చేసినవారు. ఆమెకు 61 శాతం ఓట్లు. ఎన్‌డీపీకి 20 శాతం. డేవీస్‌కు 18 శాతానికి కాస్త తక్కువ, మూడో స్థానం. ఓట్లు చేత్తో లెక్కించారు. 

రెండు వైపులా తమకు అనుకూలంగా చదువుకోవచ్చు. అధికార పార్టీ వాటా 75 నుంచి 61కి పడింది, ఆ తగ్గుదల తేలికైనది కాదు. కానీ 42 శాతం ఎక్కడ, 18 ఎక్కడ? 1982లో ఈ కోపాన్ని పలికేవాళ్ళు ప్రభుత్వంలో లేరు. 2025లో ప్రీమియరే రోజూ ఒట్టావాను తిడుతున్నారు. ఉత్తరం రాయాల్సిన పని ముందే ఒకరు చేస్తుంటే, వేరే దూతను పంపడం ఎందుకనుకున్నారు చాలామంది.

అందరూ ఓటు వేస్తారా?

వేయరు. మెన్నొనైట్లలో కొన్ని శాఖలు రాజ్యాధికారానికి దూరంగా ఉండటం విశ్వాసంలో భాగమని భావించి ఓటు వేయవు. అలాగని మెన్నొనైట్లంతా అంతే అనుకోవద్దు. చాలామంది వేస్తారు, పోటీ కూడా చేస్తారు.

పల్లె ఓటుకు నగరం ఓటుకంటే బరువెక్కువా?

కొంత. జనాభా సగటు కంటే 25 శాతం దాకా ఎక్కువ తక్కువలను చట్టం ఒప్పుకుంటుంది. 1991లో కెనడా సుప్రీంకోర్టు, ఓట్లు అచ్చంగా సమానం కానక్కర్లేదు, ప్రాతినిధ్యం సమర్థంగా అందాలని చెప్పింది. వంద కిలోమీటర్ల మేర చెల్లాచెదురుగా ఉన్న ఊళ్ళకు ఒక్క సభ్యుడు తిరగడం కష్టమన్నది పల్లెల వాదన. నగరంలో కొత్త కాలనీలు నిండిపోతుంటే మా ఓటు పలచబడుతోందన్నది నగరాల వాదన. కాల్గరీ ఈశాన్య కాలనీల్లో ఇళ్ళు కొన్న మనవాళ్ళు రెండో గట్టున ఉన్నారని వేరే చెప్పాలా?

తర్వాతి ఎన్నికలు ఎప్పుడు?

చట్టం ప్రకారం 2027 అక్టోబరు 18న. 2024 చివర్లో సభ స్థానాలను 89కి పెంచుతూ చట్టం చేశారు, కాబట్టి సరిహద్దులు మళ్ళీ గీయాల్సి వచ్చింది.

కాల్గరీలో ఉంటున్నాను. నాకు ఇక్కడ ఓటుంటుందా?

మీరు నివసించే చోటే మీ ఓటు. ఓల్డ్స్‌లో స్థలం కొని, కాల్గరీలో కాపురం ఉంటే ఓటు కాల్గరీలోనే. కెనడా పౌరసత్వం, 18 ఏళ్ళ వయసు, అల్బెర్టాలో నివాసం ఉండాలి. శాశ్వత నివాస కార్డు చాలదు. పన్ను కడుతున్నాం కదా అంటే ఒప్పుకోరు. పోలింగ్ ఉదయం 9 నుంచి రాత్రి 8 దాకా. ముందస్తు ఓటింగ్ రోజులు కూడా ఉంటాయి. గుర్తింపు కార్డు మీద పాత చిరునామా ఉంటే ముందే మార్పించుకోండి.